నా పోపులపెట్టె మీరు సర్దకండి

మా అబ్బాయి సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, ఏదో పెద్ద ఉపకారం చేసినవాడిలా మొహం పెట్టి, "అమ్మా, నీ కంప్యూటర్ శుభ్రం చేసేశాను. ఎంత చెత్త పెట్టుకున్నావమ్మా తెర మీద!" అన్నాడు. రైలుకి వేళవుతోందన్న కంగారులో నేనూ "సరే నాన్నా" అనేశాను. కంప్యూటర్ శుభ్రం చెయ్యడమంటే గుడ్డ పెట్టి తుడవడమే అనుకునేంత అమాయకురాలినేం కాను. ముప్పై ఏళ్ళు ఆఫీసులో టైపు కొట్టి, ఆ తర్వాత కంప్యూటర్ మీద కూడా కొట్టి, రిటైరైనదాన్ని. కానీ వాడు ఇంత పని చేసి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం తెరిచి చూద్దును గదా, అది నా కంప్యూటరే కాదు! తెర నిండా మా పెరటి తులసికోట ఫోటో ఉండేది. దాని స్థానంలో ఎక్కడిదో మంచుకొండ. తెల్లటి నేల మీద నల్లటి పెద్ద అక్షరాలుండేవి. ఇప్పుడు అమావాస్య చీకటి మీద ఆవగింజలు చల్లినట్టున్నాయి. అదేదో 'డార్క్ మోడ్' అట, ఈ రోజుల్లో అందరూ అదే పెట్టుకుంటారట. ఎడమ అంచున పైనుంచి కిందికి వరసగా నిలబడే నా తొమ్మిది ఫోల్డర్లు, అంటే పాలు, కరెంటు, పెన్షను, అపార్ట్‌మెంటు లెక్కలు వగైరా, అన్నీ 'అమ్మ ఫైల్స్' అనే ఒక్క సంచీలో పడ్డాయి. కుడివైపు పైమూలన, ఎర్ర గుర్తుతో ఒంటరిగా ఉండే 'మందులు' కూడా ఆ సంచీలోకే పోయింది.

పోనీలే, మెల్లిగా సర్దుకుందాం అని ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

మూడో రోజు అర్ధరాత్రి మా వారికి షుగర్ పడిపోయింది. ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. పంచదార నీళ్ళు పట్టించి డాక్టరుగారికి ఫోన్ చేశాను. "కిందటిసారి మోతాదు మార్చాం కదమ్మా, ఆ చీటీ చూసి చెప్పండి" అన్నారాయన. ఆ చీటీ 'మందులు'లో భద్రంగానే ఉంది. పాత తెర అయితే సగం నిద్రలో కూడా నా చెయ్యి పైమూలకి దానంతటదే వెళ్ళేది. ఆ రాత్రి మాత్రం ఒక చేత్తో ఫోనూ, ఇంకో చేత్తో మౌసూ పట్టుకుని, ఆ చీకట్లో ఆవగింజలు ఏరుకుంటూ పది నిమిషాలు వెతికాను. పంచదార నీళ్ళు పనిచేశాయి గనక గండం గడిచింది. లేకపోతే ఈ వ్యాసం ఇంత తీరిగ్గా రాసేదాన్ని కాదు.

మర్నాడు వాడికి ఫోన్ చేసి చెప్తే వాడూ బాధపడ్డాడు, పాపం. బాధపడుతూనే, "సెర్చ్‌లో టైపు చేస్తే వచ్చేదిగా అమ్మా" అన్నాడు. ఒరే నాయనా, నూనె కాగి పొగ వస్తున్నప్పుడు ఆవాల డబ్బా ఎక్కడుందో విచారించుకోమన్నట్టుంది నీ మాట!

ఇక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. మగవాళ్ళకీ, పిల్లలకీ, ఆమాటకొస్తే ఈ కంప్యూటర్లు తయారుచేసే మహానుభావులకీ కూడా, తెర సర్దుకోవడమంటే సోకు. పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపం. మనకి మాత్రం అది పోపులపెట్టె. కరెంటు పోయినా సరే జీలకర్రకి బదులు మెంతులు తియ్యం మనం. కళ్ళు చూసి చెప్పే జ్ఞానం కాదది, చెయ్యి నేర్చుకున్న జ్ఞానం. ఏళ్ళ తరబడి అలవాటైతే గాని రాదు. ఎవరో వచ్చి 'అందంగా' సర్దితే ఒక్క పూటలో పోతుంది. మన వంటింట్లో డబ్బాలు అడక్కుండా మార్చేస్తే ఊరుకుంటామా? మరి కంప్యూటర్ దగ్గర ఎందుకు ఊరుకోవాలి? ఇదండీ నా పోట్లాట.

అసలు దానికి 'డెస్క్‌టాప్' అని పేరెందుకు వచ్చింది? బల్ల పైభాగం అనే గదా అర్థం. 1973లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే యంత్రం తయారైంది. కిటికీల్లాంటి చట్రాలూ, మౌసూ దానిలో ఉండేవి. 1981లో అదే కంపెనీ 'స్టార్' అనే యంత్రం తెచ్చి, తెర మీద కాగితాలూ, ఫోల్డర్లూ, ఫైళ్ళ సొరుగులూ బొమ్మలుగా వేసి, ఆఫీసు బల్లలాగే అమర్చింది. కాగితాలతో పనిచేసేవాళ్ళు భయపడకూడదని ఆ ఏర్పాటు. అంటే పుట్టుకలోనే అది మనిషి బల్ల. బల్ల మీద కళ్ళజోడు ఎక్కడుండాలో, ఇంకు ఎక్కడుండాలో బల్ల ముందు కూర్చునేవాళ్ళు నిర్ణయించుకుంటారు గాని, వడ్రంగి కాదు.

ఇంకో ముచ్చట చెప్తాను, మనకి గర్వంగా ఉంటుంది. 1984లో ఆపిల్ వారి మాకింతోష్ వచ్చింది. దాని మీది చిన్న చిన్న బొమ్మలు గీసింది సుసాన్ కేర్ అనే ఆవిడ. గళ్ళ కాగితం పుస్తకం ముందేసుకుని, అడ్డంగా 32 గళ్ళు, నిలువుగా 32 గళ్ళు, ఏ గడి నింపాలో ఏ గడి వదలాలో చూసుకుంటూ గీసింది. ఆ పనికీ, మొజాయిక్ పనికీ, గళ్ళబట్ట మీద కుట్టే కుట్టుపనికీ పోలిక ఉందని ఆవిడే చెప్పింది. చుక్కలు పెట్టి ముగ్గు వేసిన ఏ తెలుగు ఆడదానికైనా ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. 1990లో విండోస్ 3.0 తో వచ్చిన పేకముక్కల ఆటలో ముక్కలు కూడా ఆవిడ గీసినవే. మన మగవారు ఆఫీసుల్లో ఎన్ని మధ్యాహ్నాలు ఆ ముక్కలతో గడిపారో వారికే తెలియాలి. అప్పుడది కాలక్షేపం కాదు కాబోలు!

ఇహ రెండో రకం ఎదుటివాదం. మా మరిదిగారబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, బుద్ధిమంతుడు. వాడంటాడూ, "పెద్దమ్మా, మార్చుకునే వీలు ఎన్ని పెడితే అన్ని తిప్పలు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించాలి, ఒక్కోటీ పాడవుతూంటుంది. నూటికి ఎక్కువమంది అసలేమీ మార్చుకోరు. అందుకే తెలిసినవాళ్ళు ఆలోచించి ఒక మంచి అమరిక ఇస్తే అందరికీ సుఖం" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఉచితంగా దొరికే లినక్స్ లోకంలో దీని మీదే రెండు ఇళ్ళున్నాయట. 1996లో మొదలైన కేడీయీ వారిది, ఏది ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో అనే పద్ధతి. 1997లో మొదలైన గ్నోమ్ వారు రానురాను, ఎంపికలు తగ్గితేనే మనిషికి శాంతి అనే వైపు మొగ్గారు. 2011లో గ్నోమ్ మూడో రూపం వచ్చి పాత అమరిక పోయేసరికి, కోపమొచ్చినవాళ్ళు ఆ పాతదాన్నే 'మాతే' అని వేరే పేరుతో బతికించుకున్నారు.

మా వాడికి నేనిచ్చిన జవాబు ఇది. నాయనా, హోటలువాడు అందరికీ ఒకటే భోజనం వండుతాడు. తప్పు లేదు, చాలామందికి అదే బాగుంటుంది. కానీ బల్ల మీద ఉప్పుగిన్నె, పొడి, ఆవకాయ పెడతాడా లేదా? 'మా వంటవాడికి తెలిసినంత నీకు తెలియదు' అని ఉప్పుగిన్నె ఎత్తుకుపోతే ఆ హోటలుకి మళ్ళీ వెళ్తామా? మంచి అమరిక ఇవ్వండి, వద్దనడం లేదు. అది నచ్చని పదిమందికి ఉప్పుగిన్నె మిగల్చండి, అంతే.

ఎత్తుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 తో 'స్టార్ట్' బటనూ, కింద పట్టీ జనానికి అలవాటయ్యాయి. ఆ పట్టీని కావాలంటే పైకో పక్కకో లాగి పెట్టుకునే వీలుండేది. 2012లో విండోస్ 8 వస్తూ స్టార్ట్ బటన్‌నే తీసేసింది. జనం గగ్గోలు పెట్టారు. 2013లో బటన్ తిరిగొచ్చింది, 2015లో విండోస్ 10 తో ఆ పాత మెనూ కూడా తిరిగొచ్చింది. మళ్ళీ 2021లో విండోస్ 11 విడుదలైనప్పుడు, పట్టీని పక్కకి జరుపుకునే వీలు లేకుండా వచ్చింది. తెరలు వెడల్పయ్యాయి, ఎత్తు తక్కువ. పట్టీ పక్కన ఉంటే ఉత్తరంలో ఇంకో రెండు పంక్తులు కనబడతాయి. అలా పనిచేసేవాళ్ళకి ఆ రెండు పంక్తులూ సోకు కాదు. చెప్పొచ్చేదేమంటే, అరిస్తే వింటారు. అరవకపోతే, 'ఎవరికీ అక్కర్లేదు కాబోలు' అనుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా, కంపెనీ పెడుతుందా?

మా చెల్లెలిది ఎడమ చెయ్యి వాటం. చిన్నప్పుడు 'పుర్రచెయ్యి' అని మా నాయనమ్మ దాని చేతి మీద ఎన్ని దెబ్బలు వేసిందో లెక్కలేదు. అరవై ఏళ్ళకి అది మౌసుని ఎడమవైపు పెట్టుకుని, బటన్లు అటుదిటు మార్చుకుని, "అక్కా, నేను ఎడమ చేత్తో చేస్తుంటే కొట్టనిది ఇదొక్కటేనే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా తప్పులూ ఒప్పుకుంటాను. తులసికోట ఫోటో ఏ కోణంలో బాగుంటుందా అని రెండు మధ్యాహ్నాలు తగలేశాను. పెసరట్టు పిండి పులిసింది. అలంకారం పేరుతో ఊరూపేరూ తెలియనివన్నీ తెచ్చి పెట్టుకోకూడదన్నదీ నిజమే. 2024 మార్చిలో, కేడీయీ కోసం బయటివాళ్ళెవరో తయారుచేసిన అలంకారం పెట్టుకున్న ఒకతనికి ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోతే, కేడీయీ వారే జాగ్రత్త అని హెచ్చరించారు. దారినపోయేవాడిచ్చిన పొడి పోపులపెట్టెలో పోసుకుంటామా? కంప్యూటర్ సెట్టింగుల్లో ఉన్నవే మనకి బోలెడు.

ఇంకొంచెం మనసులో మాట చెప్పనా? ఒట్టి సోకే అనుకుందాం, అయితే మాత్రం ఏం? గడపకి పసుపు రాస్తే తలుపు గట్టిపడుతుందా? రోజూ కూర్చునే చోటు మనదిగా కనబడాలని మనకుంటుంది. అంతే గదా!

అంచేత అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ పూట చేయవలసిన పనులు మూడు. ఒకటి, ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే అయినా ఎవరి ఖాతా వారికి పెట్టించండి. ఎవరి ఖాతాలో వారి బొమ్మ, వారి అక్షరాలు, వారి వరస వేరుగా ఉంటాయి. వంట ఒకటే అయినా కంచాలు వేరు గదా, ఇదీ అంతే. రెండు, కళ్ళు చిట్లించుకుని చదవకండి. విండోస్ 11 అయితే సెట్టింగుల్లో 'యాక్సెసిబిలిటీ' అనే చోట 'టెక్స్ట్ సైజ్' ఉంటుంది, అక్షరాలు 225 శాతం దాకా పెంచుకోవచ్చు. మౌసు బాణం కూడా పెద్దది చేసుకోవచ్చు. 'ముసలివాళ్ళ కంప్యూటర్' అని పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. మూడు, అడక్కుండా సర్దేవాళ్ళకి, ఎంత ప్రేమగా చేసినా సరే, వద్దని చెప్పండి.

నేనూ అదే చేశాను. మా అబ్బాయికి వేరే ఖాతా తెరిచి, "ఇదిగో, ఇందులో నీ మంచుకొండా నీ అమావాస్యా పెట్టుకో" అన్నాను. నా తెర మీదికి తులసికోట వచ్చింది. ఎర్ర గుర్తు పైమూలకి చేరింది.

అక్కడితో కథ కంచికి చేరితే బాగుండేది. కిందటి నెల పూణేలో వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు ఆఫీసుకి వెళ్ళింది. వంటింట్లో చూస్తే ఉప్పు డబ్బా పొయ్యికి ఆమడ దూరంలో, పైఅరలో ఉంది. ఇదేం సర్దుడమ్మా అనుకుంటూ దాన్ని కిందకి దించి పొయ్యి పక్కన పెట్టాను. పక్కనే పప్పు డబ్బాలు కూడా వరస మార్చబోతూ, చెయ్యి ఆగిపోయింది.

మా అబ్బాయికి ఈ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఉప్పు డబ్బా మళ్ళీ పైఅరలోనే పెట్టేశాను. సాయంత్రం కోడలు వచ్చాక, "ఇది ఇక్కడే ఎందుకు పెట్టుకున్నావమ్మా?" అని అడిగాను. "పొయ్యి దగ్గరుంటే ఆవిరికి చెమ్మగిల్లి గడ్డకడుతోంది అత్తయ్యా" అంది.

ఆ సంగతి నాకు తట్టనే లేదు సుమండీ!