బాపు వదిలేసిన జాగా

నాచారం నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. ఉప్పల్లో ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనర్‌ట. "సగం ఖాళీ వదిలి డిజైన్ చేస్తే, 'మేం డబ్బులిచ్చింది ఖాళీకా? అక్కడ మా బావమరిది ఫోటో పెట్టు' అంటున్నారండీ. ఇటలీలో ఇలా తక్కువతో సరిపెట్టే డిజైనర్లకు పెద్ద పేరుందట. మనవాళ్ళలో అలాంటివారెవరూ లేరా?" అని అతని గోడు.

ఎందుకు లేరు బాబూ! నీ కంప్యూటర్లోనే ఉన్నారు. పెళ్ళి బ్యానరు మీద వధూవరుల పేర్లు వెయ్యడానికి ఏ ఫాంటు తీస్తావు? ఆ వంకరటింకర ముద్దు అక్షరాలు బాపు గారి చేతిరాతే కదా! (వాటి కింద ఏడు రంగులు, నాలుగు పూలదండలు, రెండు నెమళ్ళు దించడం మాత్రం ఆయన నేర్పిన విద్య కాదు సుమా.)

1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసులో లా చదివాడు. నల్లకోటు వేసుకోకుండా ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశాడు. నేస్తం ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' రాస్తే ఆ పిడుగుకి రూపం ఇచ్చింది ఈయనే. ఆయన బొమ్మల్లో అమ్మాయిని ఒక్కసారి చూడండి. పెద్ద కళ్ళు, వాలుజడ, నడుం దగ్గర ఒక్క వంపు. ఆమె వెనక గోడ ఉందా, చెట్టుందా? చాలాసార్లు ఏమీ ఉండదు, ఉత్త తెల్లకాగితం. అయినా ఆవిడ వాకిట్లో నిలబడిందో, అలిగి మూతి ముడుచుకుందో మనకి తెలిసిపోతుంది. అందుకే అందమైన అమ్మాయిని 'బాపు బొమ్మ' అనడం మనకి అలవాటైపోయింది.

ఈ పొదుపునే ఆయన వెండితెర మీదకీ తెచ్చాడు. మొదటి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది. మహళ్ళూ మేడలూ సెట్లేసి తీసే రోజుల్లో ఈయన గోదావరి తీరాన పులిదిండి వెళ్ళి, ఆ ఊళ్ళోనే కృష్ణ, విజయనిర్మలతో తీసేశాడు. షూటింగుకి ముందే ప్రతి షాటూ బొమ్మ గీసుకోవడం ఆయన అలవాటు. అలా గీసుకున్నవాడికి ఫ్రేములో ఏం ఉండాలో, ఏం ఉండక్కర్లేదో ముందే తెలుస్తుంది. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'కి ఛాయాగ్రహణం ఇషాన్ ఆర్య. ఆ పనికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. అందులో కాంట్రాక్టరు రావు గోపాలరావు అరవడు, గుడ్లురమడు. పొద్దున్నే సూర్యుణ్ణి మెచ్చుకుంటూ తీరుబడిగా మాట్లాడతాడు. మన ఒళ్ళు జలదరిస్తుంది. విలనీలో కూడా పొదుపే!

ఇంతకీ మన ఉత్తరం కుర్రాడికి ఇంకో సంగతి చెప్పాలి. మీ నాచారానికీ బాపు గారికీ చుట్టరికం ఉంది. అక్కడి రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియో అన్న గారిదని నీకు తెలిసే ఉంటుంది. ఆ బ్యానరు మీదే 1993లో 'శ్రీనాథ కవిసార్వభౌముడు' వచ్చింది. దర్శకుడు బాపు, శ్రీనాథుడు ఎన్.టి.ఆర్. కిరీటాలూ గదలూ భుజకీర్తులతో 'దానవీరశూరకర్ణ'లో మూడు వేషాలు కట్టి, దర్శకత్వమూ చేసిన మనిషి, తక్కువ గీతల బొమ్మలాయనకి తనను అప్పగించుకున్నాడన్నమాట. ఎన్.టి.ఆర్. చివరి సినిమా అదే.

ఇక ఇటలీ సంగతి. మాసిమో విన్యెల్లి అని ఒకాయన 1931లో మిలాన్లో పుట్టాడు. భార్య లెల్లాతో కలిసి అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు. లోకంలో వేల అక్షరాల తీరులుంటే ఈయన గుప్పెడింటితో బతుకంతా నెట్టుకొచ్చాడు. 1967లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాలకి ఆయన చేసిచ్చిన గుర్తు 2013 దాకా చెక్కుచెదరలేదు. 1972లో న్యూయార్కు భూగర్భ రైళ్ళకి పటం గీశాడు. రంగురంగుల గీతలు, చుక్కలు, మలుపులన్నీ కొలిచినట్టు. చూడముచ్చటే! కానీ సెంట్రల్ పార్కు నిజానికి నిలువుగా పొడుగ్గా ఉంటే పటంలో చదరమైంది, అదీ బూడిదరంగులో. పార్కంటే పచ్చగా ఉండాలి కదా అని జనం గోల పెట్టారు. 1979లో ఆ పటం మార్చేశారు. రైల్లో ఉన్నంతసేపూ అది భేషుగ్గా పనిచేస్తుంది, పైకొచ్చి రోడ్డు మీద నడిచేవాడికే తంటా. నన్నడిగితే గోల పెట్టినవాళ్ళదీ తప్పు కాదు.

కాబట్టి తమ్ముడూ, నీ దగ్గరికొచ్చే బావమరుదుల మీద అప్పుడే కోపం తెచ్చుకోకు. పెళ్ళి బ్యానరులో ముహూర్తం, ఫంక్షన్ హాలు పేరు, రింగ్ రోడ్డు నుంచి ఎటు తిరగాలో దూరం నుంచే కనపడాలి. అవి తీసేసి 'మినిమలిజం' అంటే చుట్టాలు వేరే పెళ్ళిలో భోంచేస్తారు! అవి ఉంచి నెమళ్ళు తీసెయ్. ఫోటో తప్పదంటే ఒక్కటే పెట్టి, చుట్టూ జాగా వదులు. పదిమంది మధ్య తపాలా బిళ్ళంత కనపడటం కంటే ఒక్కడే నిండుగా కనపడటం బావమరిదికీ ఇష్టమే. రెండు డిజైన్లూ పక్కపక్కన పెట్టి, షాపు బయట రోడ్డవతల నిలబెట్టి చూపించు, మాటల్తో వాదించకు.

విన్యెల్లి 2014 మే 27న పోయాడు. మూడు నెలలు దాటగానే ఆగస్టు 31న మద్రాసులో బాపు గారు వెళ్ళిపోయారు. అంతకు ముందు ఏడాదే పద్మశ్రీ ఇచ్చారు. ఆలస్యం ఎందుకైందో ఢిల్లీ వాళ్ళనే అడగాలి.

ఈ ఆదివారం 'ముత్యాల ముగ్గు' దొరికితే ఓ పావుగంట సౌండు తీసేసి చూడు. ఒక్కో షాట్లో ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క నాకు రాయి.