తాడు వదిలితేనే పాఠం

మహాశివరాత్రి వచ్చిందంటే కోదాడకు దగ్గర్లోని మేళ్లచెరువులో శంభులింగేశ్వరస్వామి జాతర. ఓ పక్క దర్శనానికి బారులు తీరిన భక్తులు, మరో పక్క ఎడ్ల పందేల చుట్టూ జనం! పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు... ఇలా పళ్లను బట్టి విభాగాలు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే గెలుపు దానిదే. చూసేవాళ్లకు కనిపించేది ఎద్దుల బలమే. వాటి చదువు మాత్రం నెలల ముందే, ఇంటి కొట్టం దగ్గరే మొదలవుతుంది.

కాడి మోయడం తర్వాతి సంగతి. కోడెకు మొదటి పాఠం నడక! గుర్రాన్ని ఎక్కేముందు పక్కన నిలబడి తాడుతో నడిపిస్తారు, ఆపుతారు, తిప్పుతారు. కోడెకూ అంతే. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ బాగానే కనిపిస్తుంది, సరిగ్గా వెనకున్నదే కనిపించదు. చప్పుడు లేకుండా వెనకనుంచి వెళ్తే తన్ను తప్పదు. అందుకే భుజం పక్కనుంచి, పలకరిస్తూ దగ్గరికి వెళ్లాలి.

తర్వాత తాడు. మెల్లగా బిగించి, కోడె ఒక్క అడుగు వేయగానే వదలాలి. 'అడుగేస్తే బిగువు పోతుంది' అని దానికి తెలిసేది అప్పుడే. అడుగు వేశాక కూడా లాగుతూనే ఉంటే? ఏం చేసినా నొప్పి తప్పదనుకుని మొండికేస్తుంది. గుర్రమైనా, ఎద్దయినా నేర్చుకునేది ఇలాగే. ముకుతాడు వేశాక మరీ జాగ్రత్త. ముక్కు మెత్తన, గుంజితే పుండవుతుంది.

'హో' అంటే ఆగడం వచ్చాక అనుభవమున్న ఎద్దు పక్కన కాడి కడతారు. దాపటో, వెలపటో... ఏ పక్క అలవాటు చేస్తే ఆ పక్కే. ముందు తేలికపాటి దుంగ, ఆ తర్వాతే ఖాళీ బండి. రోజూ కాసేపే. అలిసేదాకా సాగదీస్తే రేపు కాడి చూడగానే బెదురుతుంది.

ఈ చదువు చెప్పేవాళ్లే తగ్గిపోతున్నారు. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే మిర్యాలగూడ వైపు దుక్కికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు వచ్చేశాయి. సూర్యాపేట దగ్గర రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు ఎడ్లబండ్లు కట్టుకుని తరలివచ్చేవి. ఇంట్లో ఎడ్లుంటే తండ్రి నేర్పుతుంటే కొడుకు చూసేవాడు. ఎడ్లే లేని ఇంట్లో ఏం చూస్తాడు?

నేర్పడం తెలియని చేతికి మిగిలేది చర్నాకోలే. మూగజీవాన్ని హింసించేలా కొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, దెబ్బకు పరిగెత్తే ఎద్దు ఎటు పరిగెడుతుందో ఎవరూ చెప్పలేరు. మాటకు కదిలే ఎద్దు మాటకే ఆగుతుంది. ఈసారి పందేలకు వెళ్తే బండను కాదు... తోలేవాడి చేతిని చూడండి!