మాంద్యమున పన్ను తగ్గింపు ఎవరి పాలు?

ఏటేట ఫిబ్రవరి మాసము వచ్చుసరికి ఉపాధ్యాయుల గదిలో పాఠముల చర్చ వెనుకబడి ఆదాయపు పన్ను లెక్కలు ముందుకు వచ్చును. పన్ను అనగా తమ జీతమునుండి కోసికొనునదే యని వారి భావము. తాము ఇంకను పన్ను కట్టువారము కామని విద్యార్థుల భావము. రెండును పొరపాటే. 2017 జూలై మొదలు 2025 సెప్టెంబరు వరకు బిస్కట్లపై నూటికి 18 వంతుల పన్ను ఉండెను. ఐదు రూపాయల పొట్లము కొన్న బాలుడు అందులో రమారమి 76 పైసలు పన్నుగా చెల్లించినాడన్నమాట. కోటీశ్వరుని కుమారుడు కొన్నను అంతే, కూలివాని కుమారుడు కొన్నను అంతే.

ఈ బిస్కట్ల ప్రసక్తి వినోదమునకై తెచ్చినది కాదు. 2019లో దేశమున వ్యాపారము మందగించెను. ఆ ఏడు ఏప్రిల్-జూన్ మాసములలో ఆర్థికాభివృద్ధి 5 శాతమునకు దిగజారినట్లు ప్రభుత్వమే లెక్క చెప్పినది. కార్లు అమ్ముడుపోక నిలిచిపోయెను. ఐదు రూపాయల పొట్లము కొనుటకైనను పల్లెజనులు వెనుకాడుచున్నారని బిస్కట్ల పరిశ్రమవారు ఆగష్టులో మొరపెట్టుకొని, పన్ను తగ్గింపుడని అర్థించిరి.

ఆ తరుణమున, సెప్టెంబరు 20వ తేదీన, ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గోవాలో ఒక ప్రకటన చేసిరి. ఇతర మినహాయింపులను వదలుకొను కంపెనీలకు ఆదాయముపై మూలపు పన్ను 22 శాతము. కొత్తగా నెలకొల్పు ఉత్పత్తి సంస్థలకు 15 శాతమే. ఇందువలన ఖజానాకు ఏడాదికి 1,45,000 కోట్ల రూపాయలు తరుగునని అంచనా. ఆ యేటి బడ్జెటులో గ్రామీణ ఉపాధి హామీ పథకమునకు కేటాయించినది 60,000 కోట్లు. వదలుకొన్న సొమ్ము దానికి రెండింతలకు పైమాట. ఆనాడే బొంబాయి షేర్ల సూచిక 1,900 పాయింట్లకు పైగా ఎగసినది. అదే దినమున, అదే గోవాలో, జి.యస్.టి. మండలియు సమావేశమైనది. రోజుకు 7,500 రూపాయలకు మించిన హోటలు గదిపై పన్ను 28 నుండి 18 శాతమునకు దిగెను. బిస్కట్లపై పన్ను కదలలేదు!

ఆ కంపెనీలలోనైనను ఎవరికి ఎంత దక్కెను? ఏడాదికి 400 కోట్లవరకు వ్యాపారము చేయు కంపెనీలకు 25 శాతమే చాలునని అంతకు రెండు నెలల ముందే బడ్జెటులో నిర్ణయించిరి. నూటికి 99కి పైగా కంపెనీలు ఆ పరిధిలోనివేనని మంత్రిగారే సెలవిచ్చిరి. వీరికి కొత్తగా కలిసివచ్చినది మూడు వంతులు. 30 శాతము కట్టుచుండిన మిక్కిలి పెద్ద కంపెనీలకు ఎనిమిది వంతులు. ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకొను భాగస్వామ్య వ్యాపారములకు 30 శాతము అట్లే యుండెను. సొంత దుకాణము పెట్టుకొన్నవానికి, కౌలురైతుకు, కూలివానికి ఈ ప్రకటనతో నిమిత్తమే లేదు.

పెద్ద కంపెనీలకు మిగిలిన సొమ్ము కర్మాగారములుగా మారి కూలివానికి పని చూపునని సమర్థకుల వాదము. వినుటకు బాగున్నది. కాని ఆ రోజులలో ఉన్న కర్మాగారములే నూటికి 70 వంతులకు లోపుగా నడుచుచుండెను. సరకు కొనువాడు లేక యంత్రము ఆగియుండగా, పన్ను తగ్గినదని మరియొక యంత్రమును ఎవడు కొనును? 2020 ఆగష్టులో వెలువడిన రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ఇందుకు సాక్ష్యము. ఆ సొమ్ము అప్పులు తీర్చుటకును నగదు నిల్వలు పెంచుకొనుటకును వినియోగపడినదే గాని కొత్త పెట్టుబడులకు దారితీయలేదని అందు వ్రాసిరి. అప్పు తీర్చుట తప్పు కాదు, మన ఇండ్లలోను చేయు పనియే. అయితే దానివలన అంగడిలో మరునాడు ఒక పొట్లమైనను అదనముగా అమ్ముడుపోదు.

ఒక మాట ఒప్పుకొనవలెను. తరువాత ఆరు మాసములకే కరోనా వచ్చిపడినది గనుక ఈ ప్రయోగమునకు సరియైన పరీక్ష జరుగలేదనువారున్నారు. అది నిజమే. కంపెనీల పన్ను వసూళ్లు పిమ్మట పుంజుకొన్నమాటయు నిజమే. కాని మాంద్యమునకు చేయవలసిన చికిత్స ఏండ్లకు గాని ఫలింపని చికిత్స కారాదు. రోగి అప్పటికప్పుడు లేచి కూర్చుండవలెను. నూరు రూపాయలు కూలివాని చేతికందిన సాయంకాలమునకే బియ్యముగా, నూనెగా, పిల్లల పలకగా మారిపోవును. అవి అమ్మినవాడు తిరిగి సరకు తెప్పించును.

ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి వేరొకటి కలదు. కేంద్రము వసూలుచేయు కంపెనీల పన్ను కేంద్రమునది మాత్రమే కాదు. సెస్సులు, సర్‌చార్జీలు పోగా అప్పటి లెక్కనుబట్టి నూటికి 42 వంతులు రాష్ట్రములకు చెందవలెను. రాయితీ ప్రకటించినది ఢిల్లీ, అందులో భాగము భరించినవి హైదరాబాదు, అమరావతి వంటి రాజధానులు. పాఠశాలలు నడుపునది, జీతములిచ్చునది ఈ ప్రభుత్వములే గదా! 2020 మార్చి నెల జీతములో సగమే చేతికందిన సంగతి రెండు రాష్ట్రముల ఉపాధ్యాయులును మరచియుండరు. దానికి కారణము లాక్‌డౌనే గాని ఈ రాయితీ కాదు. అయినను ఖజానాలో వెలితి అంతకుముందే మొదలైనదని గుర్తింపవలెను.

ఆ ఏడే మార్చి, మే నెలలలో కేంద్రము ఎక్సైజు సుంకమును పెట్రోలుపై లీటరుకు మొత్తము 13 రూపాయలు, డీజిలుపై 16 రూపాయలు పెంచెను. ఈ పెంపు అంతయు రాష్ట్రములకు వాటా లేని పద్దులక్రిందనే. తగ్గించినప్పుడు పంచుకొనవలసిన పన్నును, పెంచినప్పుడు పంచుకొననక్కరలేని సుంకమును ఎన్నుకొనిరి. స్కూటరుపై బడికి పోవు పంతులుగారును, ట్రాక్టరుతో దుక్కి దున్నించు రైతును ఆ సుంకము కట్టినవారే.

బిస్కట్లపై పన్ను 5 శాతమునకు దిగినది 2025 సెప్టెంబరు 22వ తేదీన. 2019లో ఆ పొట్లమునకై జేబు తడుముకొన్న ఎనిమిదవ తరగతి విద్యార్థి అప్పటికి డిగ్రీ చదువుచుండెను.