ఆట రోజులు ముందే రాసివ్వండి

గౌరవనీయులైన మున్సిపల్ చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు
పట్టణ క్రికెట్ క్లబ్బు ఆటగాళ్లు, వారి తల్లిదండ్రులు, స్వచ్ఛంద కార్యకర్తలు సమర్పించుకుంటున్న వినతిపత్రం

విషయం: పట్టణ ఆటస్థలంలో 2026–27 క్రికెట్ సీజనుకు రాతపూర్వక క్యాలెండరు, పిచ్ రక్షణ, ఆడపిల్లలకు వసతులు, స్వచ్ఛంద కార్యకర్తలకు గుర్తింపు కోరుతూ.

ఆర్యా,

మేం ప్రధానంగా కోరేది ఒక్కటే. పట్టణ ఆటస్థలంలో ఏయే రోజుల్లో, ఏయే వేళల్లో ఆడుకోవచ్చో సీజను మొదలు కాకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. కింద రాసిన మిగతా కోరికలన్నీ దీన్ని ఆసరా చేసుకున్నవే. మైదానాన్ని మా క్లబ్బు పేర రాయమని అడగడం లేదు. అది ఊరందరిదీ. ఉదయం నడిచే పెద్దలది, కబడ్డీ ఆడే కుర్రాళ్లది, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు తీసే యువతీ యువకులది. అందరికీ చోటుండాలంటే ఎవరి వేళ ఏదో ముందే తేలాలి.

మాకు దొరికే ఆటకాలం

రాయలసీమలో లెదర్ బంతి క్రికెట్‌కు అనువైన కాలం చాలా తక్కువ. అక్టోబరులోనూ నవంబరు మొదట్లోనూ ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. మైదానం ఆరి రోలరు తిప్పడానికి వీలయ్యేసరికి నవంబరు సగం దాటుతుంది. ఫిబ్రవరి నుంచి ఇంటర్, పదో తరగతి పిల్లలు పరీక్షల హడావిడిలో పడతారు. ఆ పరీక్షలు ముగిసేనాటికి ఎండలు ముదిరి, మధ్యాహ్నం మ్యాచ్ ఆడించడం ప్రమాదకరమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజాము శిక్షణ తప్ప మరేమీ సాధ్యం కాదు. నవంబరు నడిమి నుంచి జనవరి చివరి దాకా ఉన్న ఆ కొద్ది వారాలే మాకు అసలైన సీజను.

మైదానాన్ని అద్దెకు ఎక్కువగా ఇచ్చేది కూడా ఆ రోజుల్లోనే. సంక్రాంతి ఎగ్జిబిషన్లు, పెళ్లి విందులు, బహిరంగ సభలు, వాహనాల పార్కింగు అన్నీ అప్పుడే వస్తాయి. వాటి అవసరాన్ని మేం కాదనడం లేదు. అవి ఎప్పుడు ఉంటాయో మాకు ముందు తెలియకపోవడమే మా బాధ. గత సీజనులో ఒక ఆదివారం పొరుగూరి జట్టు వచ్చి దిగేసరికి పిచ్ మీద షామియానా గుంజలు పాతి ఉన్నాయి. ఆ నిర్వాహకులకు అనుమతి ఉంది, మాకు కబురు లేదు. సొంత ఖర్చులతో వచ్చిన పిల్లలు ఆడకుండానే తిరిగి వెళ్లారు. ఆ తర్వాత పిలిస్తే ఆ జట్టు రాలేదు.

పిచ్ ఎలా తయారవుతుందో తమరికి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. వికెట్ల మధ్య దూరం 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు. ఆ పట్టీలో నల్లరేగడి మట్టి పరిచి, నీళ్లు పెట్టి, పదునెరిగి రోలరు తిప్పాలి. మళ్లీ తడపాలి, మళ్లీ తిప్పాలి, ఆరనివ్వాలి. మంచి పట్టీ తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఒక్క గునపం పోటుతో ఆ పనంతా పోతుంది. గుంత పూడ్చినా అక్కడి మట్టి చుట్టుపక్కల మట్టితో కలిసి గట్టిపడదు. బంతి అక్కడ పడితే ఒకసారి కాళ్ల దగ్గరికి జారుతుంది, ఒకసారి ముఖం మీదికి లేస్తుంది. పురుషుల క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. అది పన్నెండేళ్ల పిల్లవాడి దవడకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. బౌండరీ దగ్గర గడ్డిలో మిగిలిపోయిన మేకులు, సీసా పెంకులు ఫీల్డింగ్ చేసే పిల్లల అరికాళ్లకు, మోచేతులకు దిగుతున్నాయి.

ఈ క్లబ్బును నడిపేవారు

మా క్లబ్బులో జీతగాళ్లు లేరు. రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారు తెల్లవారకముందే వచ్చి చిన్నపిల్లలకు బ్యాటు పట్టుకోవడం నేర్పుతారు. బస్సు కండక్టరుగా పనిచేసే అన్న వారాంతపు సెలవును తోటివాళ్లతో మార్చుకుని అంపైరింగ్ చేస్తాడు. కుట్టుమిషను పెట్టుకున్న అక్క చిరిగిన ప్యాడ్లు, నెట్లు కుట్టి ఇస్తుంది, పైసా తీసుకోదు. డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు స్కోరు పుస్తకం రాస్తారు. మట్టి పని తెలిసిన రైతులు కొందరు ట్రాక్టరుతో రేగడి తోలిపెట్టి, డీజిలు ఖర్చు కూడా అడగలేదు. మ్యాచ్ రోజున తల్లులు మజ్జిగ, చిత్రాన్నం తెచ్చి రెండు జట్లకూ పెడతారు.

వీళ్ల సమయమే మా మూలధనం. చందాలు తగ్గితే ఎలాగో సర్దుకుంటాం. వీళ్లు రావడం మానేస్తే క్లబ్బు ఉండదు. సెలవు మార్చుకుని వచ్చిన మనిషి మ్యాచ్ రద్దయిందని ఒకసారి వెనక్కి వెళ్తే ఓర్చుకుంటాడు. అదే మళ్లీ మళ్లీ జరిగితే, ఇంట్లో వాళ్ల మాట కాదని రాలేడు. గత సీజనులో మేం పోగొట్టుకున్న మ్యాచ్‌ల కంటే, వాటితోపాటు దూరమైన మనుషులే మాకు పెద్ద నష్టం. వారిలో ఎవరికీ క్లబ్బు మీద కోపం లేదు. ముందే తెలిస్తే ఇప్పుడైనా వస్తామంటున్నారు. ఈ వినతిపత్రం రాయడానికి ఆ మాటే మాకు ధైర్యమిచ్చింది.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నాం

2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు వన్డే ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో ఎడమచేతి స్పిన్నరు శ్రీచరణి మన కడప జిల్లా పల్లె బిడ్డ. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. అదే నెలలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టుకు నాయకత్వం వహించిన దీపిక శ్రీ సత్యసాయి జిల్లా మారుమూల పల్లె నుంచి వచ్చింది. ఆ నెల తర్వాత మా నెట్స్ దగ్గరికి ఆడపిల్లలు రావడం మొదలైంది. కొందరు అన్నల వెంట వచ్చారు, కొందరిని తండ్రులే బండి మీద తీసుకొచ్చారు. తల్లులు అడిగిన మొదటి ప్రశ్న బాత్రూము ఎక్కడుందని. రెండోది, సాయంత్రం ఎన్ని గంటలకు వదులుతారని. ఆ రెండింటికీ మా దగ్గర జవాబు లేకపోయింది. వచ్చిన వారిలో కొందరు సంక్రాంతి తర్వాత మళ్లీ కనిపించలేదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పురుషులకు, మహిళలకు టీ20 క్రికెట్ ఉంటుంది. మా పిల్లలంతా ఒలింపిక్స్‌కు వెళ్తారని మేం గొప్పలు చెప్పబోం. అయితే ఏ పిల్లకు ఆ సత్తా ఉందో తెలియాలంటే ముందు ఆమె ఆడటానికి నేల ఉండాలి. శ్రద్ధగా కాపాడుకున్న మైదానం ఎంత దూరం తీసుకెళ్తుందో మన సీమలోనే చూశాం. అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ పెంచి పోషించిన క్రికెట్ మైదానం 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు వేదికైంది.

ఆటస్థలం కల్పించడం దయాధర్మం కింద చేసే పని కాదు. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో, పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధుల జాబితాలో పార్కులు, తోటలతోపాటు ఆటస్థలాలూ ఉన్నాయి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరి కోసం ఉంచిన ఖాళీ జాగా రేపటి తరానికీ చెందుతుందన్న భావన ఈ రెండింటిలోనూ ఉంది. ఆ భావనతోనే తమరి ముందుకు వచ్చాం.

మా కోరికలు

1. సీజను క్యాలెండరు. ఏటా సెప్టెంబరు నెలాఖరులోగా మైదానం వాడకపు క్యాలెండరును కౌన్సిల్ ఆమోదించి, గేటు దగ్గర బోర్డు మీద రాయించాలి. నవంబరు 15 నుంచి జనవరి 31 వరకు ఆదివారాలు మ్యాచ్‌లకు, మిగతా రోజుల్లో ఉదయం 6 నుంచి 8:30 వరకు, సాయంత్రం 4 నుంచి 6:30 వరకు శిక్షణకు కేటాయించాలి. తప్పనిసరి ప్రభుత్వ కార్యక్రమం వస్తే 15 రోజుల ముందు తెలిపి, బదులుగా మరో రోజు ఇవ్వాలి.

2. పిచ్ రక్షణ. మైదానం మధ్యలో పిచ్, దాని చుట్టూ కొంత జాగా కలిపి ఏడాది పొడవునా కంచె తాడుతో వేరు చేయాలి. అక్కడ గుంజలు పాతకూడదు, బళ్లు నిలపకూడదు, వంట పొయ్యిలు పెట్టకూడదు. అద్దె అనుమతి పత్రంలో ఈ షరతును స్పష్టంగా రాయాలి.

3. డిపాజిట్టు. మైదానం అద్దెకు తీసుకునేవారి నుంచి మరమ్మతు డిపాజిట్టు వసూలు చేయాలి. కార్యక్రమం అయ్యాక మున్సిపల్ సిబ్బంది, ఆటగాళ్ల ప్రతినిధి కలిసి చూసి, గుంతలు పూడ్చి మేకులు ఏరిన తర్వాతే దాన్ని తిరిగి ఇవ్వాలి. అద్దె ఆదాయంలో కొంత భాగాన్ని ఆ మైదానానికే ఖర్చు చేయాలి.

4. నీళ్లు. పిచ్‌కు, గడ్డికి బోరు కనెక్షను ఇప్పించాలి. అది కుదిరేదాకా సీజనులో వారానికి రెండు ట్యాంకర్లు పంపాలి. తాగునీటి కుళాయి ఒకటి విడిగా ఉండాలి.

5. ఆడపిల్లలకు వసతులు. తలుపు గడియ పడే, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది కట్టించాలి. వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఉదయం నెట్స్ వారికే కేటాయించాలి. మైదానం నుంచి మెయిన్ రోడ్డు దాకా వీధిదీపాలు వెలగాలి. మహిళా శిక్షకురాలిని వారానికి ఒక్క రోజైనా పంపమని జిల్లా క్రీడాధికారి గారికి సిఫారసు చేయాలి.

6. స్వచ్ఛంద కార్యకర్తలకు గుర్తింపు. క్లబ్బులో పనిచేసేవారికి మున్సిపాలిటీ గుర్తింపు కార్డు, ప్రమాద బీమా ఇప్పించాలి. అంపైరింగ్, స్కోరింగ్ శిక్షణ తరగతులు మన పట్టణంలోనే పెట్టేలా జిల్లా క్రికెట్ సంఘాన్ని కోరాలి. ప్రభుత్వాసుపత్రి వైద్యుల చేత ఏటా ఒకసారి ప్రథమ చికిత్స నేర్పించాలి. తలకు దెబ్బ తగిలినప్పుడు, వడదెబ్బ కొట్టినప్పుడు మొదట ఏం చేయాలో ప్రతి కార్యకర్తకూ తెలిసుండాలి.

7. ఎంపికల సమాచారం. జిల్లా జట్ల ఎంపిక పోటీల వివరాలు కనీసం పది రోజుల ముందు మైదానం బోర్డు మీద ఉండాలి. వయసు ధ్రువీకరణకు కావలసిన జనన పత్రాలు పిల్లలకు త్వరగా అందేలా చూడాలి. పేద పిల్లల ప్రయాణ ఖర్చుకు చిన్న నిధి ఏర్పాటు చేయాలి.

8. హద్దులు. ఆటస్థలాన్ని సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, మున్సిపల్ రికార్డుల్లో ఆటస్థలంగానే నమోదు చేయాలి. దుకాణాలకు గానీ మరే కట్టడానికి గానీ అందులోంచి అడుగు జాగా కూడా ఇవ్వకూడదు.

9. వాడుకదారుల కమిటీ. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఆడేవారు, పరుగు సాధన చేసేవారు, ఉదయం నడిచేవారు, మున్సిపల్ అధికారి కలిసి రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ వేయాలి. తగాదాలు అక్కడే తేల్చుకుంటాం.

మా వంతుగా మేమిచ్చే మాట

ఫీజు కట్టలేదన్న కారణంతో ఏ పిల్లనూ, పిల్లవాణ్నీ వెనక్కి పంపం. లెదర్ బంతితో బ్యాటింగ్ చేసే ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి చేస్తాం. ఉమ్మడి కిట్లలో ఆడపిల్లల కొలతకు తగ్గ ప్యాడ్లు, గ్లవ్స్, వారికి నిర్ణయించిన తేలికపాటి బంతులు ఉంచుతాం. జమాఖర్చులు మూడు నెలలకోసారి బోర్డు మీద అంటిస్తాం. బెట్టింగ్‌కు సంబంధమున్న వారి దగ్గర, మద్యం, పొగాకు వ్యాపారుల దగ్గర ఒక్క రూపాయి చందా తీసుకోం. ప్రతి మ్యాచ్ తర్వాత మైదానం మేమే ఊడుస్తాం. క్యాలెండరులో మాకు లేని వేళల్లో మైదానం జోలికి రాం. పరీక్షల నెలల్లో విద్యార్థులకు మ్యాచ్‌లు పెట్టం. రేగడి మట్టి, రోలరు పని, పిచ్ సంరక్షణకు కావలసిన శ్రమ మా కార్యకర్తలే భరిస్తారు. మున్సిపాలిటీ మీద దాని భారం పడదు.

ముగింపు మనవి

పైన రాసిన వాటిలో కొన్నింటికి నిధులు కావాలి, సమయం పడుతుంది. మరుగుదొడ్డి, బోరు, దీపాల పనులను వచ్చే బడ్జెట్‌లో చేర్చండి. క్యాలెండరు, పిచ్ రక్షణ, డిపాజిట్టు, కమిటీ అనే నాలుగింటికి మాత్రం పెద్దగా ఖర్చు లేదు. ఒక కౌన్సిల్ తీర్మానం, ఒక బోర్డు, కొంత తాడు చాలు. వాటిని రాబోయే సమావేశం ఎజెండాలో చేర్చి, మా ప్రతినిధులకు మాట్లాడే అవకాశం ఇచ్చి, సెప్టెంబరు నెలాఖరులోగా నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపాలని ప్రార్థిస్తున్నాం. ఆ పత్రం అందిన రోజే దూరమైన కార్యకర్తలను మళ్లీ పిలుస్తాం, పొరుగు జట్లకు ఉత్తరాలు రాస్తాం, ఆడపిల్లల తల్లులకు వేళలు చెబుతాం.

ఇట్లు
తమ విధేయులు
పట్టణ క్రికెట్ క్లబ్బు అధ్యక్షులు, కార్యదర్శి, మహిళా జట్టు ప్రతినిధి, తల్లిదండ్రుల ప్రతినిధి, స్వచ్ఛంద కార్యకర్తల ప్రతినిధి

జతపరచినవి: ఆటగాళ్లు, తల్లిదండ్రుల సంతకాలు, ప్రతిపాదిత సీజను క్యాలెండరు, మైదానం నక్షా.

ప్రతులు: జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా క్రీడాధికారి గారికి, జిల్లా క్రికెట్ సంఘం కార్యదర్శి గారికి, స్థానిక శాసనసభ్యుల వారికి.