మా పిల్లాడు... మా ఇష్టమేనా?

"మా పిల్లాడికి టీకా వేయించాలో వద్దో మా ఇష్టం" అనే తల్లిదండ్రులు చదువుకున్న ఇళ్లలోనూ కనిపిస్తున్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని కోవిడ్ టీకాల కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టే చెప్పింది. అయితే నలుగురి ఆరోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చనీ అదే తీర్పులో అంది.

ఎందుకంటే జబ్బు మన గడప దగ్గరే ఆగదు కదా! తట్టు సంగతే చూడండి. టీకాలు లేనిచోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. దాన్ని ఆపాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. మొదటి డోసు వేసేది 9 నెలలు నిండాకే. అంతవరకూ పక్కింటి పసిగుడ్డుకు పెద్ద రక్ష మన పిల్లల టీకాయే.

అదే సూదిలో రుబెల్లా మందూ ఉంటుంది. పిల్లలకు రుబెల్లా వస్తే కాస్త జ్వరం, నాలుగు దద్దుర్లు, అంతే. కానీ నెలలు నిండని గర్భిణికి సోకితే పుట్టే బిడ్డకు చెవుడు, గుండె లోపం రావచ్చు. కడుపుతో ఉండగా ఆమె ఈ టీకా వేయించుకోనూ కూడదు.

భయాలుంటే డాక్టర్ని అడగండి. అడగడం తల్లి హక్కు, విడమరిచి చెప్పడం వారి బాధ్యత. ఆ తర్వాత నిర్ణయం మనదే. దాని ఫలితం మాత్రం మన ఒక్కరిదే కాదు. ఏమంటారు?