తుక్కులోంచి లేచే రాజ్‌దూత్



మన సంఘంలోని యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఒకే ప్రశ్న అడిగారు. తాత నడిపిన రాజ్‌దూత్ కొట్టంలో పడి ఉంది, పాత సామాన్లవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు, ఇచ్చేయమంటారా అని. మా మాట ముందే చెప్తాం. ఇవ్వకండి, బాగు చేయించండి. అయితే ఎలా చేయించాలన్న దాని మీద మాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

రాజ్‌దూత్ 175 అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 బండి నమూనాతో 1960లలో ఎస్కార్ట్స్ కంపెనీ మన దేశంలో తయారు చేసింది. టూ స్ట్రోక్ ఇంజను. పాల క్యాన్లు మోసింది, మట్టిరోడ్ల మీద తిరిగింది. పేరుకు అర్థం రాయబారి. పౌలు భక్తుడు మనకిచ్చిన బిరుదూ అదే గనుక పాస్టర్లకు ఆ పేరంటే కాస్త ఇష్టం ఎక్కువ.

ఇప్పుడు దానికి కంపెనీ సామాను రాదు. అందుకే చాలామంది ఆశ వదులుకుంటారు. కాని మన చుట్టూ ఏముందో చూడండి. సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే విజయవాడ ఆటోనగర్‌కు చేరతాం. పాత బండ్ల సామాను ఓపికగా వెతికేవాడికి అక్కడ ఒక రోజు చాలదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల పుణ్యమా అని లేతు మిషన్ల మీద చేయి తిరిగిన మేస్త్రీలు మనకు దగ్గరలోనే ఉన్నారు. మిల్లు షాఫ్టుకు బుష్ తిప్పగలిగినవాడు రాజ్‌దూత్‌కు తిప్పలేడా? ప్యాకింగ్ షీటును ఇంజను అంచు మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొడితే అంచు అచ్చు పడుతుంది, ఆ గీత వెంట కత్తిరిస్తే గ్యాస్కెట్ తయారు. అరిగిన సిలిండరును రీబోర్ చేసి ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. పాత రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. ఉక్కును అలాగే కాల్చి ముంచితే గట్టిపడుతుంది! దీని మీద ఎప్పుడైనా ఒక ప్రసంగం చేయాలి, ఇప్పుడు వద్దు.

నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుంటే సన్బల్లటు చేసిన ఎగతాళి గుర్తుందా? కాలిపోయిన చెత్తకుప్పలోని రాళ్లతో గోడ కడతారా అని నవ్వాడు. ఆ గోడకు కొత్త రాయే కావాలని నెహెమ్యా కూర్చోలేదు. పని చేసిన వాళ్లలో కంసాలులూ ఉన్నారు, సుగంధద్రవ్యాలు చేసేవారూ ఉన్నారు. వాళ్ల పేర్లు గ్రంథంలోకి ఎక్కాయి.

పాత బండ్లు సేకరించేవారిలో కొందరికి ఈ మాట నచ్చదు. ప్రతి బోల్టూ ఒరిజినల్‌గా ఉండాలంటారు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వింటేజ్ నిబంధనల లెక్క కూడా అదే. 50 ఏళ్లు దాటిన బండి అయి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అప్పుడు 20,000 రూపాయలు కడితే నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కాని ఆ నంబరున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో తీయాలి. మ్యూజియానికి ఆ నియమం మంచిదే. మనకెందుకు? తాత దాన్ని అద్దాల గదిలో పెట్టడానికి కొనలేదు. మామూలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తరువాత ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, అది చాలు.

న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అనే ఆయన ఉండేవాడు. 1920 నాటి ఇండియన్ స్కౌట్ అనే బండికి (పేరే గాని అది అమెరికా బండి) పిస్టన్లు తానే పోతపోసుకున్నాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు దాదాపు 295 కిలోమీటర్ల వేగంతో రికార్డు కొట్టాడు. పగిలిన, విరిగిన సామానంతా ఒక అరలో పేర్చి, వేగపు దేవుడికి అర్పణలు అని రాసి పెట్టుకున్నాడు. ఆ రాత మాకు నచ్చదు, ఆ అర మాత్రం నచ్చింది. విరిగిన ముక్కను పారేయకుండా దాచుకున్నవాడికే అది ఎందుకు విరిగిందో తెలుస్తుంది.

అయితే చేతి తయారీకి ఒక హద్దు ఉంది. ఇంజనులో బుష్ పాడైతే బండి ఆగుతుంది, అంతే. బ్రేకు, చక్రం ఇరుసు, ముందు ఫోర్కు పాడైతే మనిషి పడతాడు. వాటి దగ్గర వెల్డింగుతో అతుకు వేయించి సరిపెట్టుకోవద్దు, మంచి సామాను దొరికేదాకా ఆగండి. ఆర్నెల్లు పట్టినా ఆగండి. ఇంకొకటి, బిల్లు లేని ఇంజను చవకగా దొరికిందని తేకండి. అది ఎవరి ఇంటి ముందు మాయమైందో మనకు తెలియదు. ఇంజను మారిస్తే రవాణా కార్యాలయం అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాల్సిందే. అసలు రూపాయి ఖర్చు పెట్టకముందే పాత ఆర్‌సీ పట్టుకుని సూర్యాపేట ఆఫీసుకు వెళ్లి, రెన్యువల్ అవుతుందో లేదో అడగండి.

ఆ లేతు మేస్త్రీలకు తల నెరిసింది, పిల్లలు ఆ పని నేర్చుకోవడం లేదు. మీ తాత బండి తుక్కుకు పోతే వాళ్ల పని కూడా దాంతోపాటే పోతుంది. బేరమాడేటప్పుడు అది మనసులో ఉంచుకోండి.

రీబోర్ చేసిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. ఆదివారం ఆరాధనకు దాని మీద వచ్చేవారు కాస్త ముందే బయలుదేరండి.