దూరం ఎక్కువ.. టైమ్ తక్కువ! ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాల అసలు లెక్క ఇదీ

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? ఫోన్‌లో కొడితే సుమారు 12,400 కిలోమీటర్లు అని వచ్చేస్తుంది. కానీ అది గ్లోబు మీద దారం లాగిపెట్టి కొలిచిన లెక్క. ఆ దారం మధ్య ఆసియా, రష్యా దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. విమానం మాత్రం గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం దారి ఇస్తోంది అనేవి చూసుకుని బయల్దేరుతుంది.

2016 అక్టోబర్‌లో ఏం జరిగిందో చూడండి. అప్పటిదాకా అట్లాంటిక్ మీదుగా వెళ్తున్న ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిరిండియా తూర్పుకు తిప్పి, పసిఫిక్ మీదుగా పంపింది. కొత్త రూట్ దాదాపు 15,300 కిలోమీటర్లు. పాతదానికన్నా 1,400 కిలోమీటర్లు ఎక్కువే. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగిపోయింది. రెండు గంటల దాకా ఆదా అన్నమాట!

కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులివి. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్ల వేగం కూడా దాటుతుంటాయి. గంటకు 900 కిలోమీటర్లు వెళ్లే విమానానికి 100 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోడైతే, 14,000 కిలోమీటర్లు 14 గంటల్లో అయిపోతాయి. అదే గాలి ఎదురొస్తే పదిహేడున్నర గంటలు! భూమి తిరుగుతోంది కదా, విమానం గాల్లో ఆగితే అమెరికానే కిందికి వస్తుందిగా అనే డౌట్ చాలామందికి ఉంది. రాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులోని విమానమూ తిరుగుతుంది.

గాలి సంగతి సరే, దారి ఇవ్వకపోతే? 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. ఆ తర్వాత నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే మన విమానాలు గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. చుట్టు తిరిగితే ఇంధనం ఎక్కువ కావాలి. అందుకే నాన్‌స్టాప్ అని టికెట్ కొన్న అమెరికా విమానాలు కొన్ని వియన్నాలో ఆగాయి. ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునైతే సెప్టెంబర్ 1 నుంచి ఎయిరిండియా ఆపేసింది. విమానాల కొరతతో పాటు ఈ మూసివేతనూ కారణంగా చెప్పింది.

ఈ దెబ్బ భారత సంస్థలకే. దుబాయ్, దోహా మీదుగా వెళ్లే గల్ఫ్ విమానాలకు ఆ నిషేధం లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఉండి ఉంటే ఈ తిప్పలు కొంత తగ్గేవేమో. 2021 జనవరిలో షికాగోకు మొదలైన సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు.

ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లు టికెట్‌పై దూరం కాదు, మొత్తం ప్రయాణ సమయం చూసుకోవాలి. అమెరికాలో ఇంకో విమానం మారాల్సి ఉంటే గ్యాప్ గట్టిగానే పెట్టుకోవాలి. ఇమిగ్రేషన్ క్యూ అక్కడే ఉంటుంది మరి.